పల్లంరాజు గారి పచ్చ దీపాలు

ఆ శుక్రవారానికి సుధాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి సెలవు పెట్టాడు కాబట్టి ఎనిమిదింటిదాకా లేవడు. లేచాక అమ్మ వేసిన పెసరట్లు తింటాడు. తిన్నవి అరగాలి కాబట్టి మళ్ళీ పడుకుంటాడు. ఇందులో ఎవరికీ అపకారం లేదు. కానీ పెళ్ళయిన మగవాడి పథకాలు ఎవరికీ అపకారం లేనంతమాత్రాన సాగుతాయని ఎక్కడా లేదు.

ఏడున్నరకే భార్య హారతి వచ్చి దుప్పటి లాగింది. ఆమె కాకినాడలోనే ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. భుజం మీద పిన్ను సరిచేసుకుంటూ, గోడవారగా బల్ల మీదున్న రెండు దీపాల వైపు చూపించింది.

"ఏమండీ, నేను వెళ్తున్నాను. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. దుమ్ము కూడా తుడవకూడదు. అత్తయ్యకి నేను చెబితే బాగోదు, మీరే చెప్పండి."

"చెబుతాలే."

"ఏం చెబుతారు?"

"ముట్టుకోవద్దని."

"కళ్ళు తెరిచి చెప్పండి."

సుధాకర్ ఒక కన్ను తెరిచి చెప్పాడు. టైమవుతోందని హారతి దానితోనే సరిపెట్టుకుని వెళ్ళిపోయింది.

అవి మామూలు దీపాలు కావు. మూడు సింహపు పాదాల మీద సన్నటి కాడ, కాడ పైన చిన్న పడవలాంటి ప్రమిద, ముందు ఒత్తి వేసే ముక్కు, వెనక ఆకులా వంగిన పిడి. పిడి కింద గడ్డం ఉన్న ఒక మనిషి ముఖం, ఆ మనిషికి మేక చెవులు. రెండు వేల ఏళ్ళ కిందట రోము నగరంలో దీపాలు ఇలాగే ఉండేవట. ఆ పాత నమూనాలు చూసి నూట యాభై ఏళ్ళ కిందట యూరపులో ఎవరో వీటిని కంచుతో పోతపోశారు. కాకినాడ రేవులో ఓడల వ్యాపారం చేసుకునే ఒక దొర వీటిని బంగళాలో అలంకారానికి తెప్పించుకున్నాడు. దొర ఊరు విడిచిపోతూ సామాను వేలం వేస్తే, సామర్లకోట దగ్గర భూములున్న పల్లంరాజు గారి ముత్తాత ఇరవై నాలుగు దీపాలూ పాడుకున్నారు. ఇప్పుడవి ఆ ఇంటి హాల్లో, గాజు బీరువాలో, నిలవనీళ్ళ మీద నాచు రంగులో ఉంటున్నాయి.

ఆ రంగంటే పల్లంరాజు గారికి ప్రాణం. దీపాలు అడగడానికి హారతి మూడుసార్లు సామర్లకోట వెళ్తే, మూడుసార్లూ కాఫీ ఇచ్చి అదే చెప్పారు. "ఆ పచ్చదనమే దాని వయసమ్మా. ముసలాయన తెల్లజుట్టుకి రంగేస్తే వయసు తగ్గుతుందా? పరువు తగ్గుద్ది. నలభై ఏళ్ళుగా వీటికి తడిగుడ్డ తగలనివ్వలేదు నేను." నాలుగోసారి మాత్రం రెండు దీపాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. "నీ మాట మీద ఇస్తున్నానమ్మా," అన్నారు. చుట్టుపక్కల పాత ఇళ్ళవాళ్ళందరూ పల్లంరాజు గారు మంచిదన్న మనిషికే తలుపులు తీస్తారు. ఈ దీపాలకు ఏమైనా అయితే హారతికి ఇక ఏ గడపలోనూ కాఫీ కూడా పుట్టదు. కాలేజీలో ఆమె పెడుతున్న పాత వస్తువుల ప్రదర్శన శనివారం పొద్దున్నే.

ఇంత సంగతి తెలిసిన సుధాకర్, ఎనిమిదిన్నరకు పెసరట్టు ముందు కూర్చుని, తల్లితో ఆ విషయం నిజంగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆ బల్ల మీద దీపాలున్నాయే..."

"చూశాన్రా. ఎవరివి? పాపం, అంతలా చిలుం పట్టేశాయి."

"రాజుగారివి. రేపు హారతి కాలేజీలో పెడుతుంది. పెద్ద పెద్దవాళ్ళంతా వచ్చి చూస్తారు. అందుకని జాగ్రత్తమ్మా, వాటిని..."

అప్పుడే ఫోను మోగింది. ఆఫీసులో ఏదో ఫైలు కనబడటం లేదట. అది ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పేసరికి పావుగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి రెండో అట్టు వేడిగా ఉంది. అల్లం పచ్చడి ఘాటుగా ఉంది. అమ్మకు చెప్పాల్సింది చెప్పేశానన్న తృప్తితో సుధాకర్ తిని, చేయి కడుక్కుని, పథకంలోని ఆఖరి భాగం అమలు చేయడానికి వెళ్ళిపోయాడు.

అతని తల్లి పెద్దింట్లమ్మ ముప్పై ఏళ్ళు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగి కొడుకును చదివించిన మనిషి. ఎవరైనా పని సగం చెబితే మిగతా సగం తనే ఊహించుకుని పూర్తిచేయడం ఆమెకు అలవాటు. కంచు సామాను, జాగ్రత్త, రేపు పెద్దవాళ్ళు చూస్తారు, పైగా ఈ రోజు శుక్రవారం. ఇంక చెప్పడానికేముంది? చింతపండు నానబెట్టింది.

పదిన్నరకు మెలకువ వచ్చి, మంచినీళ్ళ కోసం పెరటివైపు వచ్చిన సుధాకర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. పంపు దగ్గర గట్టు మీద ఒక దీపం పచ్చగా ఉంది. రెండోది అప్పుడే పోతపోసి తెచ్చినట్టు బంగారంలా ధగధగలాడుతోంది. మేక చెవుల పెద్దమనిషి నుదుటిన కుంకుమబొట్టు కూడా ఉంది.

"అమ్మా!" అన్నాడు. పలకలేదు. పక్కింటావిడ గోడ మీంచి చెప్పింది. "మీ అమ్మ చింతపండు అయిపోయిందని మార్కెట్టుకెళ్ళిందండి. ఒక దీపానికే పావుకేజీ పట్టేసిందంట."

సుధాకర్ గట్టు మీద కూలబడి దీపాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సింహపు గోళ్ళ సందుల్లో కూడా ఎక్కడా పిసరంత మురికి లేదు. మోకాళ్ళ నొప్పులతో కిందకూర్చుని, కొబ్బరిపీచుతో గంటకు పైగా తోమి ఉంటుంది. ఆమెను ఏమనగలడు? హారతికి ఏం చెప్పగలడు? తప్పు ఎవరిదా అని అన్ని వైపులా వెతికాడు. ఎటు తిప్పి చూసినా తనదిగానే కనబడింది. మరీ భయం వేసి, ఎరువుల ఫ్యాక్టరీలో లాబొరేటరీలో పనిచేసే స్నేహితుడు సాల్మన్‌కి ఫోను చేశాడు.

"ఒరే, కంచు మీద పచ్చరంగు ఎలా వస్తుందిరా?"

"తోమకుండా వదిలేస్తే అదే వస్తుంది."

"ఎన్నాళ్ళకి?"

"మంచి రంగు కావాలంటే ఓ వందేళ్ళు."

"సాయంత్రం అయిదింటికి కావాలి."

సాల్మన్ టైము చూసుకున్నాడు. తర్వాత శాస్త్రవేత్త గొంతుతో చెప్పాడు. "ఉప్పు, తేమ, అమ్మోనియా. ఈ మూడూ బాగా దట్టంగా ఒకే చోట ఉంటే కొంచెం తొందరగా రావచ్చు. వస్తుందని నేను అనలేదు. రావచ్చు అన్నాను."

"మీ ఫ్యాక్టరీకి తెచ్చేయనా?"

"అమ్మోనియా ఫ్యాక్టరీలోకి దీపం పట్టుకొస్తావా? నిన్నూ నన్నూ దీపాన్నీ ముగ్గుర్నీ గేటు దగ్గరే పట్టుకుంటారు. పెట్టేయ్ ఫోను."

సుధాకర్ ఆలోచించాడు. ఉప్పు, తేమ, ముక్కులదిరే వాసన. ఈ మూడూ దట్టంగా ఉండే చోటు అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. పచ్చ దీపాన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. మెరిసే దీపాన్ని తువ్వాలులో చుట్టి, స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని, ఉప్పుటేరు వంతెన దాటి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాడు. అక్కడ అతని పిన్ని, అంటే పెద్దింట్లమ్మ చెల్లెలు వీరదుర్గ, చేపల్ని ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టే వ్యాపారం చేస్తుంది.

"ఏంట్రా ఇది, బంగారమా?" అంది వీరదుర్గ కళ్ళు పెద్దవి చేసి.

"కంచు పిన్నీ. దీన్ని సాయంత్రందాకా నీ చేపల తొట్టిలో పెట్టు."

"కంచుని చేపల్లో ఊరేస్తారా ఎక్కడైనా?"

"రోములో అలాగే చేస్తారు."

"ఆళ్ళ ఖర్మ," అని వీరదుర్గ కొంగు బిగించి, మాగుతున్న చేపల్ని పక్కకు తోసి, దీపాన్ని తొట్టిలో నిలువునా పాతేసింది. "ఇది నీ వ్యవహారంలా లేదు, మా అక్కకి తెలుసా?"

"అమ్మకి చెప్పకు పిన్నీ, నీకు పుణ్యముంటుంది."

వీరదుర్గ సరేనని వేలంపాట దగ్గరకు వెళ్ళిపోయింది. సుధాకర్ వలల కుప్ప నీడలో కాపలా కూర్చున్నాడు. పొద్దున్నుంచి సగంలో ఆగిపోతున్న నిద్ర చల్లగాలి తగలగానే వచ్చేసింది.

ఈలోగా ఇంట్లో పెద్దింట్లమ్మ అరకేజీ కొత్త చింతపండుతో తిరిగొచ్చింది. గట్టు మీద ఒక్క దీపమూ లేదు. బల్ల మీద మాత్రం తోమని దీపం ఉంది. తోమినదాన్ని కోడలు మనిషిని పంపి కాలేజీకి తెప్పించుకుందనీ, మాసినదాన్ని చూసి సిగ్గుపడి వదిలేసిందనీ ఆమెకు అర్థమైంది. ప్రాణం చివుక్కుమంది. అన్నం కూడా తినకుండా రెండోదాన్ని ముందేసుకుని కూర్చుంది.

హార్బరులో అసలు గొడవ పన్నెండున్నరకు మొదలైంది. చేపల్ని తిరగేయడానికి వచ్చిన ఆడవాళ్ళు తొట్టిలో చేతులు పెడితే గడ్డం తగిలింది. లాగి చూస్తే మనిషి ముఖం. మేక చెవులు, నుదుటిన బొట్టు, ఉప్పునీళ్ళు కారుతూ మెరుస్తోంది. ఆ తొట్టిలో చేపలు వీరాస్వామి గారి బోటులో వచ్చినవి. ఆయన డెబ్భై ఏళ్ళవాడు, రేవులో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన వచ్చి, దీపాన్ని రెండు చేతులా అందుకుని, చాలాసేపు చూసి, మెల్లగా తువ్వాలు నడుముకు చుట్టుకున్నాడు.

"నా వలలో వచ్చాడు," అన్నాడు.

అంతే. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో పూలు తెచ్చారు. పెళ్ళికని బయల్దేరిన డప్పులవాళ్ళు దారి మార్చుకుని ఇటొచ్చారు. మూడు కొబ్బరికాయలు కొట్టాక సుధాకర్‌కి మెలకువ వచ్చింది. కళ్ళు నులుముకుని చూస్తే రెండొందల మంది జనం. మధ్యలో ఐసుపెట్టె మీద పల్లంరాజు గారి దీపం, మెడలో బంతిపూల దండతో ఉంది. ఒకరు దానికి హారతి ఇస్తుంటే, నలభై మంది ఫోన్లతో తీస్తున్నారు.

సుధాకర్ జనంలో దారి చేసుకుని ముందుకు వెళ్ళాడు. "అయ్యా, అది మాదండి!"

వీరాస్వామి అతనివైపు జాలిగా చూశాడు. "సముద్రం ఇచ్చింది ఎవడిదీ కాదు బాబూ. అందరూ మాదేననుకుంటారు. దణ్ణం పెట్టుకుని వెళ్ళు."

"సముద్రం ఇవ్వలేదండి, నేనే తొట్టిలో పెట్టాను."

"దేవుణ్ణి చేపల తొట్టిలో పెట్టావా?" అన్నారు వెనక నుంచి నలుగురు. ఆ గొంతులు విన్నాక సుధాకర్ ఆ వాదన అక్కడితో ఆపేశాడు.

అదే సమయానికి ఫోను మోగింది. హారతి. అతను ఐసుపెట్టెకు నాలుగడుగుల దూరంలో, చెవి మూసుకుని ఎత్తాడు.

"ఏమండీ! మన దీపాలు రెండూ ఇంట్లోనే ఉన్నాయా?"

"ఆ... ఉన్నాయి."

"చూసి చెబుతున్నారా?"

"చూస్తూనే చెబుతున్నాను," అన్నాడు సుధాకర్. ఆ మాటలో సగం నిజమే.

"అయితే మూడోది దొరికిందండీ!" ఫోనులోంచి హారతి గొంతు సంతోషంతో వణికింది. "మా స్టూడెంటు వీడియో పంపించింది. హార్బరులో వలలో పడిందట! అచ్చు మన దీపమే! దొరల ఓడ ఏదైనా మునిగిందేమో. నిజంగా రోము కాలందే అయినా అయి ఉండొచ్చు. అదే నిజమైతే ఏమవుతుందో తెలుసా? ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. రాజుగారూ, ఆయన భార్యా ప్రదర్శన హాలు చూడ్డానికి వచ్చారు, వాళ్ళకీ చెప్పాను. ముగ్గురం వాళ్ళ కారులో హార్బరుకే వస్తున్నాం. మీరూ వచ్చేయండి!"

"నేనా? నేను... దగ్గర్లోనే ఉన్నాను," అన్నాడు సుధాకర్. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అంత సంతోషంగా మాట్లాడటం అతను రెండోసారి వింటున్నాడు. అబద్ధం చెప్పినప్పటి కంటే ఆ సంతోషం విన్నప్పుడే అతనికి ఎక్కువ బాధ కలిగింది.

పావుగంటలో తెల్లకారు వచ్చి ఆగింది. హారతి జనాన్ని తోసుకుంటూ పరుగున వచ్చి ఐసుపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భక్తి అనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు దారి ఇచ్చారు. ఆమె వెనకాలే పల్లంరాజు గారు, తెల్ల పంచె మడమలపైకి ఎత్తిపట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. ఆయన భార్య చిన్నమ్మాయి గారు కారు దిగి, తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

"చూడండి రాజుగారూ! కాడ, పాదాలు, పిడి, అన్నీ అవే! ఒకే చోట పోసినవి!"

పల్లంరాజు గారు కళ్ళజోడు సవరించుకుని వంగారు. దండ పక్కకు జరిపి కుడివైపు సింహపు గోరును వేలితో తడిమారు. అక్కడ చిన్న నొక్కు ఉంది. "విచిత్రంగా ఉందే," అన్నారు నెమ్మదిగా. "నాకు ఏడేళ్ళప్పుడు, నీకిచ్చిన వాటిలో ఒకదాన్ని మేడమెట్ల మీంచి పడేశాను. దానికీ సరిగ్గా ఇక్కడే నొక్కు పడింది."

సుధాకర్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే జనం వెనక ఒక ఆటో ఆగింది. అందులోంచి పెద్దింట్లమ్మ దిగింది. ఆమె చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది, చేతిలో పక్కింటావిడ ఫోను ఉంది, అందులో వీడియో ఆడుతోంది.

"ఎవడ్రా మా కోడలి దీపం ఎత్తుకొచ్చింది?" అని ఆమె అరిచిన అరుపుకు డప్పులు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళు వీధివీధికీ వినిపించిన గొంతు అది. "పొద్దున్నే తోమి గట్టు మీద పెట్టాను. కాలేజీకి వెళ్ళిందనుకున్నాను. ఇక్కడ దండేసి కూర్చోబెట్టారా? దొంగల్లారా!"

వేలంపాట నుంచి వస్తున్న వీరదుర్గకు దొంగలన్న మాట ఒక్కటే వినపడింది. "ఎవరే దొంగలు? నా తొట్టి దగ్గర నిలబడి నన్ను దొంగంటావా అక్కా? నీ కొడుకే తెచ్చి పాతిపెట్టమన్నాడు. అమ్మకి చెప్పకు పిన్నీ అన్నాడు. రోములో అలాగే చేస్తారన్నాడు!"

జనమంతా సుధాకర్ వైపు తిరిగారు. హారతి కూడా తిరిగింది. ఆమె ముందుగా ఐసుపెట్టె మీదున్న దీపాన్ని చూసింది. ఆ తర్వాత అత్తగారి చంకలోని తువ్వాలు వంక చూసింది. పెద్దింట్లమ్మ కోడల్ని చూడగానే ముఖం విప్పార్చి, తువ్వాలు తీసింది. రెండో దీపం మధ్యాహ్నపు ఎండలో మెరిసి, ముందువరస వాళ్ళు కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదిగోనమ్మా, ఇదీ అయిపోయింది. దీని పని పట్టేసరికి ఇప్పటిదాకా అయ్యింది. పెద్దోళ్ళంతా వస్తారంట కదా. మాసిపోయిన దీపాలు పెడితే చూసినోళ్ళు ఏమనుకుంటారు? వాళ్ళింట్లో తోమే దిక్కులేదనుకోరా? నా కోడల్ని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు."

హారతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ చింతపండు పులుపుకి తెల్లగా నానిపోయి, చీలికలు పడిన ఆ ముసలి వేళ్ళు చూశాక అది ఎక్కడ దిగాలో తెలియక గొంతులోనే ఉండిపోయింది.

"తప్పు అమ్మది కాదు," అన్నాడు సుధాకర్. రెండొందల మంది వింటున్నారని తెలిసినా గట్టిగానే చెప్పాడు. "ముట్టుకోవద్దని అమ్మకి చెప్పమన్నావు. జాగ్రత్త అన్నదాకా చెప్పి ఆపేశాను. తర్వాత చెప్పేశాననే అనుకున్నాను. దీన్ని మళ్ళీ పచ్చగా చేద్దామని ఇక్కడికి తెచ్చాను. ఫోనులో నీకు అబద్ధం చెప్పాను. మూడోది లేదు హారతీ. ఇది మొదటిదే."

పల్లంరాజు గారి ముఖం మెడ నుంచి పైకి మెల్లగా ఎర్రబడుతోంది. ఆయన ఒక దీపాన్ని చూశారు. అది గంటసేపు ఉప్పులో ఊరి, బంగారం పోయి పచ్చదనం రాక, అక్కడక్కడ మచ్చలతో, చేప పొలుసులతో ఉంది. రెండో దీపాన్ని చూశారు. దానికి మచ్చుకైనా పచ్చదనం లేదు.

"నలభై ఏళ్ళమ్మా," అన్నారు. "నలభై ఏళ్ళు తడిగుడ్డ తగలనివ్వలేదు నేను."

హారతి లేచి నిలబడి చేతులు జోడించింది. "రాజుగారూ, మాట ఇచ్చింది నేను. మా అత్తయ్యకేమీ తెలియదు. మీరు ఏమన్నా నన్నే అనండి. రేపటి ప్రదర్శన మానేస్తాను. ఇంకెప్పుడూ ఎవరింటికీ వెళ్ళి ఏదీ అడగను."

పల్లంరాజు గారు ఏదో అనడానికి ఊపిరి తీసుకున్నారు. అప్పుడు కారు దగ్గర నుంచి నవ్వు వినపడింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంత గట్టిగా. చిన్నమ్మాయి గారు కారు తలుపు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే నవ్వుతున్నారు.

"చిన్నమ్మాయ్!" అన్నారు పల్లంరాజు గారు నివ్వెరపోయి.

"ఆ పిల్లని ఏమీ అనకండి," అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. "ఇంక దాచలేనండి. నలభై ఏళ్ళయింది. నేను కాపురానికొచ్చిన మూడోరోజున మీ అమ్మగారు ఈ ఇరవై నాలుగు దీపాలూ నా ముందు వరసగా పెట్టి, నెలనెలా అమావాస్యకి ముందురోజు తోమడం ఈ ఇంటి కోడలి పని అన్నారు. ఈ గోళ్ళూ, ఈ సందులూ, ఈ చెవులూ చూస్తే నాకు ఏడుపొచ్చింది. పాత దీపాలు తోమితే విలువ పోతుందని వారపత్రికలో రాశారండి అత్తయ్యగారూ, అనేశాను."

"ఔను. ఆ వారపత్రిక మాట నాకూ చెప్పావు," అన్నారు పల్లంరాజు గారు. "అది విన్నాకే కదా నేను..."

"ఏ వారపత్రికా లేదండి."

పల్లంరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరేమో మా ఆవిడ చదువుకున్నదని మురిసిపోయి, ఊరందరికీ చెప్పారు. మీ అమ్మగారు నోరెత్తలేకపోయారు. ఆ తర్వాత మీరు ఆ మాటకి పుస్తకాలు కొన్నారు, బీరువా చేయించారు. చుట్టాలకి పాఠాలు చెప్పారు. ఇంక నేనెలా చెప్పేది?"

"కానీ అమ్మా," అంది హారతి ఉండబట్టలేక, "పాత కంచుకి ఆ పచ్చదనం తీయకూడదన్నది నిజమేనండి. పుస్తకాల్లో ఉంది."

"ఉందంట తల్లీ. ఈయన కొన్న పుస్తకాల్లో అదే మాట చూసి, అందరికన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను."

ముందుగా వీరదుర్గ నవ్వింది. ఆ తర్వాత హార్బరంతా నవ్వింది. పల్లంరాజు గారు మాత్రం నవ్వలేదు. పెద్దింట్లమ్మ చేతిలోని దీపాన్ని తీసుకుని, మేక చెవుల ముఖాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

"ఇదేంటి?" అన్నారు కాసేపటికి. "మా ఇంట్లో వీడు ఇన్నేళ్ళూ ఏడుస్తున్నట్టు ఉండేవాడు. ఎవరో జ్ఞాని, లోకం కష్టాలు చూసి బాధపడుతున్నాడని వచ్చినవాళ్ళకి చెప్పేవాణ్ణి. వీడు నవ్వుతున్నాడే!"

హారతి వంగి చూసింది. నిజమే. చిలుం కింద ఇన్నాళ్ళూ కనపడకుండా ఉండిపోయిన బుగ్గలు నవ్వుకి పైకి లేచాయి. తలచుట్టూ ద్రాక్షతీగ ఉంది. నోరు ఒకవైపుకి వంకరగా ఉంది.

"జ్ఞాని కాదండి," అంది ఆమె, తనకు తెలియకుండానే నవ్వుతూ. "రోము వాళ్ళ సారా దేవుడి వెంట తిరిగే ఆసామి. మేక చెవులు అందుకే. పూటుగా తాగి ఉన్నాడు."

"అయితే దేవుడు కాదా?" అన్నాడు వీరాస్వామి అనుమానంగా.

"దేవుడి మనిషేనండి."

"మూడు కొబ్బరికాయలు కొట్టాం."

"వృథా పోవులెండి," అన్నారు పల్లంరాజు గారు. అప్పటికి ఆయన ముఖంలోనూ, చేతిలోని ముఖంలో ఉన్నలాంటిదే ఏదో కదిలింది. "వీడు వద్దనే రకంలా లేడు. పెద్దింట్లమ్మగారూ, ఈ ముఖం నా పెళ్ళికి ముందు, మా అమ్మ తోమిన రోజుల్లో చూసి ఉంటానండి. ఈ నలభై ఏళ్ళలో పూర్తిగా మర్చిపోయాను. మీ చేతికి దణ్ణం పెట్టాలి."

పెద్దింట్లమ్మకు ఇందులో సగమే అర్థమైంది. అలవాటు ప్రకారం మిగతా సగం తనే పూర్తి చేసుకుంది. "దానికేముందండి, ఆ మచ్చల దీపం కూడా ఇలా ఇవ్వండి, రాత్రికి తళతళలాడించి ఇచ్చేత్తాను," అంది చేయి చాపి.

"వద్దు!" అని హారతి, సుధాకర్, పల్లంరాజు గారు ఒకేసారి అరిచారు.

మరునాడు ప్రదర్శనలో ఆ రెండు దీపాలూ పక్కపక్కనే నిలబడ్డాయి. ఒకటి మెరుస్తోంది. రెండోది ఎన్నిసార్లు కడిగినా ఉప్పుచేప వాసన వస్తోంది. హారతి రెండింటికీ జరిగిందంతా దాచకుండా చీటీ మీద రాసి పెట్టింది. కాలేజీలో అంతకుముందు ఏ ప్రదర్శనకూ రానంత జనం వచ్చారు. హార్బరు నుంచే రెండు లారీల మంది దిగారు. వీరాస్వామి కొత్త పంచె కట్టుకుని, తన వలలో పడినవాణ్ణి మనవలకు చూపించాడు. ప్రిన్సిపాల్ గారు మైకులో మూడో దీపం గురించి చెప్పబోతే, హారతి చీటీ అందించి ఆపింది. పాత ఇళ్ళవాళ్ళు ముగ్గురు ఆమె దగ్గరకొచ్చి తమ అటకల మీద ఏమేమున్నాయో చెప్పి, కాఫీకి రమ్మన్నారు. అందులో ఇద్దరు, వచ్చేటప్పుడు అత్తగారిని మాత్రం తేవద్దన్నారు. మూడో ఆవిడ తప్పకుండా తెమ్మంది.

సామర్లకోటలో మిగతా ఇరవై రెండు దీపాల కిందా ఎన్ని నవ్వు ముఖాలున్నాయో చూడాలని పల్లంరాజు గారు మహా ముచ్చటపడుతున్నారు. ప్రతి శుక్రవారం పంపు దగ్గర ముక్కాలిపీట వేసుకుని ఆయనే స్వయంగా తోముతున్నారు. కంచు తోమడం అరవై దాటిన మగవాళ్ళ భుజాలకు చాలా మంచిదని చిన్నమ్మాయి గారు ఈమధ్యే ఒక వారపత్రికలో చదివారట.